కంకరయ్య ఊడ్చిన రోడ్డు

తారు రోడ్డును గంటలో మట్టి రోడ్డు చేసిపెట్టగల మొనగాడు కంకరయ్య. ఆ పేరు సీరియల్ వాళ్ళు పెట్టిందే. వయసులో ఉన్నన్నాళ్ళూ రోడ్లు వేశాడు, ముసలితనంలో టీవీ షూటింగుల కోసం వాటిని పాతవి చేస్తున్నాడు. విధి వేళాకోళం కాకపోతే ఏమిటి చెప్పండి! ఏ ఏటి కథయితే ఆ ఏటి రోడ్డు తయారుచేస్తాడు. మట్టి, కంకర, బండి చక్రాల గాడులు, అన్నీ లెక్కగా ఉండాల్సిందే.

ఈసారి కథ నలభై రెండేళ్ళ కిందటిది. ఆయన భార్య చనిపోయిన ఏడాది అది. కాన్పు నొప్పులతో ఉన్న మనిషిని ఆస్పత్రికి తీసుకెళ్తుంటే బండి బురదలో కూరుకుపోయింది. భుజాన వేసుకుని నడిచాడు. చేరేసరికి ప్రాణం లేదు. అప్పటికి ఆరేళ్ళ కూతురు ఇప్పటికీ ఒకటే మాట అంటుంది: "నువ్వే ఆలస్యం చేశావు నాన్నా."

తెరమీద ఆ రోడ్డు చూస్తేనన్నా దాని మనసు కరుగుతుందని ఆయన ఆశ. "తప్పకుండా చూడమ్మా" అని ముందే చెప్పుకున్నాడు పిచ్చితండ్రి. జానెడు మందాన మట్టి పోసి, చక్రాల గాడులు తీసి, నీళ్ళు పెట్టాడు.

డైరెక్టరు వచ్చి తల పట్టుకున్నాడు. "తాతా, ఇందులో హీరో కారు దిగబడితే రేపటిదాకా లేవదు. తీసెయ్."

"అప్పుడు తారు లేదు బాబూ. రెండేళ్ళ తర్వాత వేసినవాణ్ణి నేనే."

"జనం రోడ్డు చూస్తారా, హీరోని చూస్తారా? ఊడ్చెయ్ తాతా, ఎండ పోతోంది."

పోసిన మట్టంతా తనే ఊడ్చేశాడు.

సీరియల్ వచ్చిన సాయంత్రం కూతురే పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. కారు రయ్యిమని దూసుకుపోయింది.

"ఇదేనా నువ్వు చూడమన్న రోడ్డు? అద్దంలా ఉందే!"

"మట్టి పోశానమ్మా. మళ్ళీ నేనే ఊడ్చేశాను."

"ఎందుకు?"

"ఊడ్చమన్నారు."

కూతురు టీవీ కట్టేసింది. గొంతు పెంచలేదు. "అమ్మ పోయినప్పుడూ ఇంతేనా నాన్నా? ఎవరు ఆగమన్నారు?"

భార్య పోయిన రోజు కంకరయ్య పనిలో ఉండగానే నొప్పులని కబురొచ్చింది. ఈ కంకర కుప్ప పరిచేసి పొమ్మన్నాడు మేస్త్రీ. పరిచేసే వెళ్ళాడు. ఇన్నేళ్ళూ బురదని తిట్టుకుంటూ బతికాడు గానీ, ఆ కుప్ప సంగతి తనకి తానైనా చెప్పుకోలేదు.

"మేస్త్రీ ఆగమన్నాడమ్మా" అని కూతురి ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.