జానెడు రెక్క కోసం షహానియా దాకా

ప్రపంచ కప్పు ముంచుకొస్తున్న ఆ రోజుల్లో, దోహాలో శుక్రవారం సెలవని నమ్మినవాడు వెర్రివాడు. ఊరి శివారు ఐన్ ఖాలిద్‌లోని మా ఇంట్లో పెసరట్టు పళ్ళెంలో పడిందో లేదో, కంపెనీ నుంచి ఫోన్. ఎడారి వైపున్న అల్ షహానియాలో మా వాళ్ళు చేస్తున్న చెక్క విమానానికి ఒక రెక్క పొట్టిగా ఉందని కన్సల్టెంట్ గొడవ పెట్టాడట. నేను క్వాలిటీ ఇంజినీర్ని. గోడలూ తలుపులూ చూసుకునేవాణ్ణి. విమానం రెక్కలు మా వంశంలో ఎవరూ కొలిచినవాళ్ళు కారు.

తొమ్మిదింటికల్లా బస్సెక్కాను. మీరెప్పుడైనా అటు వెళితే దోహాలో బస్సు మారాలి, నీళ్ళ సీసా మరిచిపోకూడదు. పక్క సీటులో ఒంటెల కాపరి, రాజస్థాన్ వాడు, ఎక్కడికని అడిగాడు. విమానం కోసమన్నాను. ఎయిర్‌పోర్టు ఇటు కాదు భాయ్ అని జాలిగా చెప్పి, తన ఖర్జూరాలు నాలుగు నా చేతిలో పెట్టాడు.

ఒంటెల ఫారం పక్కన ఒక షేక్‌గారు కప్పుకు వచ్చే అతిథుల కోసం పెద్ద షెడ్డు కట్టించారు. అందులో రెండో ప్రపంచ యుద్ధం నాటి ఇటలీ యుద్ధవిమానం, అసలు సైజులో, ప్లైవుడ్‌తో. పైలట్ సీటుకు పైన మూత లేదు, అయినా ఏసీ పెట్టమన్నారు. పైకప్పు లేని స్టేడియాలకే ఏసీ పెట్టే ఊళ్ళో దానికెవరూ నవ్వలేదు.

కన్సల్టెంట్ ఇటలీ పెద్దమనిషి. పాలు లేని సులేమానీ చాయ్ తాగుతూ తన దేశం కథ చెప్పాడు. యుద్ధంలో ఒక్కో ఫ్యాక్టరీది ఒక్కో మోడలట, ఒకదాని భాగం ఇంకోదానికి పట్టదట. అన్నీ చేతిపని, అంతా ఆలస్యం. ఇంజిన్లలో బలం లేదు, తుపాకులు చాలవు. ఒక రకానికి అద్దాల మూత పెట్టి ఇస్తే, మొహానికి గాలి తగలడం లేదని పైలట్లే వద్దన్నారట. ఇదంతా సొంతింటి పెళ్ళిలో పప్పు మాడిన సంగతి చెప్పినట్టు ముచ్చటగా చెప్పాడు. ఇక్కడా మలయాళీలు చేసిన నడుమూ, నేపాలీలు చేసిన తోకా, మావాళ్ళ రెక్కలూ ఒకదానికొకటి అతకకపోతే, అచ్చం అప్పట్లాగే ఉందని మురిసిపోయాడట. ఎడమ రెక్క దగ్గర మాత్రం మండిపడ్డాడు. ఇంజిన్ తిరిగే ఊపుకు విమానం ఒక పక్కకు ఒరుగుతుందని, దాన్ని ఆపడానికి ఆ రెక్కను జానెడు పొడుగు చేశారట. అప్పట్లో తమవాళ్ళు సరిగ్గా చేసిన పని అదొక్కటీ, దాన్నే మీరు కోసేశారన్నాడు.

కోసింది మా ఫోర్‌మన్ మల్లేశం. కోరుట్ల దగ్గరి ఊరు.

"డ్రాయింగ్ గీసినోడు తప్పు గీసిండనుకున్న సార్. రెండు రెక్కలు సమానముండాలె గద."

రెండు తలుపుల మధ్య నూలుపోగంత తేడా ఉన్నా మళ్ళీ చేయించేది నేనే. పైగా ఆ రాత్రికే అతని ఫ్లయిటు. కప్పు పనులని రెండుసార్లు ఆపేసిన లీవు అది. ఇవాళ కన్సల్టెంట్ సంతకం పడకపోతే మళ్ళీ కప్పు తర్వాతే. వచ్చేటప్పుడు మోకాళ్ళ మీద పాకుతున్న కూతురు ఇప్పుడు ఫోన్‌లో మాట్లాడుతోంది.

కోసిన ముక్క ఏదని అడిగాను. షెడ్డు వెనకున్న తన క్యాబిన్‌కి తీసుకెళ్ళాడు. ఆ ముక్క గోడకు బిగించి ఉంది. దాని మీద వేములవాడ రాజన్న పటం, అగరుబత్తి నుసి, ముందంచు వెంట కిందివైపు దాకా పసుపు కుంకుమ బొట్లు. మల్లేశం చెంపలేసుకుని, పటాన్ని తువ్వాలలో చుట్టి, దేవుడి అరను విప్పేశాడు.

జిగురూ స్క్రూలూ పెట్టి మధ్యాహ్నానికల్లా రెక్కకు అతికించాం. పైవైపు రంగు కొట్టాం. కిందివైపు కొట్టేలోగా రంగు అయిపోయింది. కన్సల్టెంట్ వంగి చూసి, ఈ ఎర్ర చుక్కలేమిటన్నాడు. విమాన దళం గుర్తన్నాను. ఇలాంటిది తానెప్పుడూ చూడలేదన్నాడు.

"చాలా అరుదండి," అన్నాను.

ఫోటో తీసుకుని, సంతకం పెట్టేశాడు.

సాయంత్రం కంపెనీ పికప్‌లో ఇద్దరం వెనక్కి బయల్దేరాం. షహానియాలో చూడదగిందేమిటని అడిగితే ఒంటెల పందేలని అందరూ చెబుతారు. నేనైతే ఆ విమానం చూసి రమ్మంటాను. యుద్ధానికి అవి ఏపాటి అక్కరకొచ్చాయో గానీ మా మల్లేశానికి మాత్రం ఇది అక్కరకొచ్చింది. దేవుడి పటం ఒళ్ళో పెట్టుకుని అతను ఇంటికి వీడియో కాల్ చేశాడు. వాళ్ళ ఊళ్ళో గల్ఫంతా దుబాయే; నాన్న దుబాయ్‌లో విమానం చేశాడని కూతురికి ఎవరో చెప్పినట్టున్నారు.

"నాయినా, నువ్వు జేసిన ఇమానంలనే అస్తవా?"

"అది ఎగరది బిడ్డా," అన్నాడు మల్లేశం, కళ్ళు తుడుచుకుంటూ. "ఎగిరేదాంట్ల అస్తున్న."