రెండో మాత్ర సంగతి చెప్పిన సారు

మొన్న పొద్దున పూజ ముగించి లేస్తుంటే కోయిలకుంట్ల నుంచి ఫోను వచ్చింది. హైస్కూల్లో మాకు సైన్సు చెప్పిన సారు నిద్రలోనే పోయినారట. చేతులు జోడించాను. తర్వాత, తప్పో ఒప్పో, నవ్వు వచ్చింది. సారును తలుచుకుంటే మా ఇంట్లో ముందు వచ్చేది నవ్వే.

ఏదైనా చేతికందిన వస్తువుతో చూపించడం ఆయన అలవాటు. గుండె కవాటాల పాఠానికి తరగతి తలుపునే వాడుకున్నారు. "బుర్రలోకి పోలేదంటే నేను చెప్పడం బాగలేదప్పా, ఇంగోసారి అడుగు" అనేవారు.

నిరుడు మా తమ్ముడికి గుండెలో స్టెంటు వేశారు. ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలుతాడు. రక్తం గడ్డకట్టకుండా రెండు రకాల మాత్రలు రాసిచ్చారు. వాడు బతికి బయటపడితే తలనీలాలు ఇప్పిస్తానని అహోబిలం స్వామికి మొక్కుకున్నాను. మూడో నెలలో ప్రయాణం కట్టాం. ముందురోజు సారు చూడవచ్చారు.

"ఒగ మాత్రే మింగుతాండా సార్. రెండోది నిన్న ఆపేసినా. గుండు గీసేటప్పుడు కత్తి తగిలితే రగతం నిలవదంట" అన్నాడు తమ్ముడు, తెలివైన పని చేసినట్టు.

మొక్కింది నేను.

సారు కోప్పడలేదు. పంచెకు అంటుకున్న ఉత్తరేణి గింజ ఒకటి పీకి, నేను వత్తులు చేసుకునే దూది అడిగారు.

"ఈ గింజ ప్లేట్‌లెట్, ఈ దూది తెల్లకణం అనుకో. ఊరికే ఉన్నప్పుడు ఎవరి దోవ వాళ్లది. స్టెంటు కాడ గింజ రేగితే ముళ్లు లేపి దూదిని పట్టుకుంటాది. అప్పుడు తెల్లకణం కూడా రేగుతాది. ఆడ వాపు, ఆడే గడ్డ. ఆ ముళ్లు లేవకుండా శానా మటుకు అణిచేది నువ్వు ఆపిన మాత్రే. ఇంగోటి ఒక్కటే ఆ పనంతా చేయలేదు."

"మరి మొక్కు, సార్?"

"స్వామి వెంట్రుకలు అడిగినాడు. మాత్ర మానమన్లేదు గదప్పా."

అక్కడే డాక్టరుకు ఫోను చేయించారు. ఒక్కరోజు కూడా మానొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. తమ్ముడు మా ఎదుటే మాత్ర మింగాడు.

ఆ తమ్ముడే మొన్న సారును భుజాన మోశాడు. నా కళ్ల ముందు మాత్రం అహోబిలంలోని సారే ఉన్నారు. మాతో ఆయన కూడా వచ్చారు. గుండు గీస్తుంటే తమ్ముడి చెవి పైన కత్తి కొంచెం తగిలింది. నెత్తురు తొందరగా నిలవలేదు. సారు శుభ్రమైన గుడ్డ మడిచిపెట్టి, బొటనవేలితో అదిమి, "పది నిమిషాలు కదలాకు" అన్నారు. తమ్ముడు తల వంచుకుని కూర్చున్నాడు. సారు వాడి గుండు మీద చెయ్యి పెట్టి నిలబడ్డారు.

దోవన పోయే ఒక అవ్వ సారును ఎవరో స్వాములవారనుకుని, వచ్చి పక్కన తల వంచింది. సారు వేలు తీయలేదు. రెండో చెయ్యి ఆమె తల మీద పెట్టి, "సల్లగుండు తల్లీ" అని, మళ్లీ వాచీ చూసుకున్నారు.