శౌరమ్మ పిన్ని సున్నపు గళ్లు

శౌరమ్మ పిన్ని ఐదో తరగతి దాటలేదు. గుణదలలో మా పక్క వాటాలో ఉంటుంది. ఏడాదంతా ఇళ్లలో వంట చేసి, మేరీమాత ఉత్సవాలప్పుడు కొండ కింద చెప్పుల స్టాండు పెడుతుంది. నేను కాలేజీ మధ్యలో మానేసి, పాత పుస్తకాలతో కంప్యూటర్ పని నేర్చుకున్నవాణ్ణి. డిగ్రీల వాళ్లంటే నాకు పడదు. డిగ్రీ లేనివాళ్లను నేనూ లెక్కచెయ్యనని మొన్నటి ఉత్సవాల వారంలోనే తెలిసింది.

మా ఆఫీసు వెబ్‌సైటులో నలభై వేల మంది ప్లంబర్లు, మెకానిక్‌లు ఉన్నారు. ఇబ్రహీంపట్నంలో ఎవరి మోటారైనా కాలిపోతే దగ్గరున్న మనిషిని చూపించాలి. అదేమో మచిలీపట్నం దాకా ప్రతి ఒక్కరి దూరమూ కొలిచి, అప్పుడు చెప్పేది. పదకొండు సెకన్లు. శుక్రవారంలోగా బాగుచెయ్యకపోతే నా బదులు బీటెక్ చదివినవాణ్ణి పెట్టుకుంటానన్నారు మా యజమాని అచ్యుతరామారావుగారు.

బుధవారం చిరాకుతో, పిన్ని స్టాండులో చెప్పులు వదిలి కొండెక్కి దిగాను. పిన్ని నేలమీద సున్నంతో గళ్లు గీసి, గడికో నంబరు వేసింది. నా చీటీ పదిహేడు. ఆ గడిలో నా చెప్పులు లేవు. ఇన్ని వేల జతల్లో ఇక దొరికినట్టేనని ఎత్తిపొడిచాను.

"కాళ్లు తగిలి జరుగుతాయి అబ్బాయ్. జరిగితే పక్క గడిలోకేగా, ఏలూరు పోతాయా?" అంటూ పద్దెనిమిదిలోంచి తీసిచ్చింది.

నేను చెప్పులు చేత్తో పట్టుకునే ఇంటికొచ్చాను. మ్యాపుని గళ్లుగా విడగొట్టి, ఎవరు ఏ గడిలో ఉన్నారో డేటాబేసులో ముందే రాసిపెట్టాను. ఇక సైటు అడిగినవాడి గడిలో ఉన్నవాళ్ల దూరమే కొలుస్తుంది. అర సెకను కూడా పట్టలేదు. కానీ మా ఇంటి నుంచి వెతికితే ఎదురింటి ప్లంబరు సొలొమోను మాత్రం కనపడలేదు. సైటుని కాసేపు తిట్టాక వెలిగింది, గడి గీత మా వీధి మధ్యనుంచే పోయిందని. పిన్ని మాటలో సగమే పట్టుకొచ్చాను. చుట్టూ ఉన్న ఎనిమిది గళ్లూ కలిపితే సొలొమోనే మొదట వచ్చాడు.

శుక్రవారం అచ్యుతరామారావుగారు నాలుగుసార్లు నొక్కి చూసి, ఎక్కడ నేర్చుకున్నావని అడిగారు. శౌరమ్మగారి దగ్గరన్నాను. ఆవిడ ఏ కాలేజీలో చెబుతారన్నారు. చెప్పుల స్టాండులోనండీ అంటే వేళాకోళమనుకుని నవ్వారు. ఉద్యోగం నిలిచింది.

సాయంత్రం పిన్నికి అంతా చెప్పాను. ఆవిడకి సొలొమోను దొరికాడన్న ముక్క ఒక్కటే నచ్చింది. నెల రోజుల నుంచి కొళాయి కారుతోందట, పంపమంది.

"ఎదురింట్లోనేగా పిన్నీ ఉండేది?"

"దగ్గరే అబ్బాయ్. వస్తేగా!"