వానరోజు పరీక్ష

నదీమట్టాల ఆఫీసులో ఆయన్ని అందరూ మాస్టారు అనేవారు. ఏనాడూ ఎవరికీ పాఠం చెప్పలేదు. ఏ పనైనా రెండుసార్లు సరిచూడందే వదలడని ఆ పేరు తగిలించారు. ఇరవయ్యో ఏట, వంతెన కింద నిలబడి నీటిమట్టం చూసి పుస్తకంలో రాసే ఉద్యోగంలో చేరాడు. కంప్యూటర్లు వచ్చాక తన కొడుకు వయసు వాళ్ళ పక్కన కూర్చుని నానా తంటాలు పడి నేర్చుకున్నాడు. యాభై దాటేసరికి ఆ ఆఫీసుకి ఆయనే దిక్కయ్యాడు.

చిన్నప్పుడే తల్లి పోతే ఆయన్ని కడుపులో పెట్టుకుని పెంచింది అక్క. వయసు మీదపడి ఆమెకి మోకాళ్ళు అరిగిపోయి కర్ర సాయం లేనిదే అడుగు పడేది కాదు. ఏటి ఒడ్డు వీధిలో కింది వాటాలో ఒంటరిగా ఉండేది. తన దగ్గరికి వచ్చెయ్యమని మాస్టారు నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. నీళ్ళొస్తే చెప్పేవాడు నా తమ్ముడే, నాకేం భయమని వీధంతా చాటుకునేది.

ఆ చెప్పే పద్ధతి ఇదీ. ఏటి పొడవునా ఉన్న పరికరాలు గంటగంటకీ కొలతలు పంపుతాయి. కంప్యూటర్లో ఒక పని వాటిలో తప్పులు ఏరి శుభ్రం చేస్తుంది, తర్వాతది ఎక్కడ నీరు ఎంత పెరుగుతుందో అంచనా కడుతుంది, చివరిది లోతట్టు వీధుల ఫోన్లకి హెచ్చరిక పంపుతుంది. ఒకటి అయ్యాకే ఇంకొకటి, వరసలో. మూడేళ్ళ కిందట ఒక పెద్ద వానకి కొలతలు ఒక్కసారిగా వచ్చి మీదపడి వరస మొత్తం చతికిలబడింది. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు గానీ, పైఅధికారి మాస్టారిని నలుగురిలో నిలబెట్టి కడిగేశాడు. ఆయన చాలా రోజులు అన్నం సరిగా తినలేదు.

ఆ తర్వాత ఏడాదికి రెండుసార్లు, మామూలుకి యాభై రెట్లు ఉత్తుత్తి కొలతలు తయారుచేసి తానే వరసలోకి తోసి, తట్టుకుంటుందో లేదో చూసేవాడు. అదీ చాలదనిపించి ఆ లోడ్ టెస్టుని ఆటోమేటిక్ చేసి, వరసలోనే మొదటి పనిగా కలిపేశాడు. ప్రతి గంటా ముందు ఉత్తుత్తి కొలతలు నడుస్తాయి. అవి నాలుగు నిమిషాల్లో గట్టెక్కితేనే అసలు కొలతలకి దారి. తప్పితే ఇరవై నిమిషాలకోసారి దానంతటదే మళ్ళీ చేసుకుంటుంది, మొత్తం మూడుసార్లు. ఏడాదిన్నర పాటు వంక పెట్టడానికి లేకుండా నడిచింది. తిట్టిన అధికారే భుజం తట్టాడు. మాస్టారు అక్కకి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాడు. ఆవిడ వీధిలో ఎవర్నీ వదల్లేదు.

కొత్తగా చేరిన అమ్మాయి ఒక్కతే అడిగింది. "వాన దంచే రోజున కూడా టెస్టు నడవాలా సార్? రెండూ ఒకే మెషీన్ మీద కదా."

"వానరోజునే కదమ్మా కావాల్సింది," అని నవ్వేశాడు మాస్టారు.

అసలే మూట మోస్తున్న మనిషి నెత్తిన, మోయగలడో లేదో చూద్దామని ఇంకో మూట ఎత్తినట్టుంది ఆ మాట. అంత అనుభవం పెట్టుకుని అదెలా తట్టలేదో ఏమని చెప్పమంటారు!

ఆ రోజు మధ్యాహ్నం పైన కొండల్లో కుండపోత. పరికరాలు నిమిషానికోసారి కొలతలు పంపడం మొదలుపెట్టాయి. రెండింటికి టెస్టు తప్పింది. రెండూ ఇరవైకి మళ్ళీ తప్పింది. అంచనా తేలందే ఏ వీధికి ముప్పో ఆఫీసులో ఎవరికీ తెలియదు.

"టెస్టు తీసేద్దాం సార్. అసలు కొలతల్ని పోనిద్దాం," అంది అమ్మాయి.

మాస్టారి చెయ్యి మౌస్ మీదే ఉంది. టెస్టు లేకుండా వదిలాక మళ్ళీ అంతా కుప్పకూలితే? మళ్ళీ నలుగురిలో ఆ తిట్లు తినాలా?

"మరొక్కసారి చూద్దాం," అన్నాడు.

రెండూ నలభైకి మూడోసారీ తప్పింది. ఈసారి అమ్మాయి ఆయన్ని అడగలేదు, తానే వంగి టెస్టు తీసేసింది. అసలు కొలతలు ఆరంటే ఆరు నిమిషాల్లో గట్టెక్కాయి. వరసకి ఏ రోగమూ లేదు. హెచ్చరికల జాబితాలో మొదటి పేరు ఏటి ఒడ్డు వీధి. మాస్టారు అక్కకి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు, మళ్ళీ మళ్ళీ చేశాడు.

అక్క పోయాక జరిగిన విచారణలో ఎవరూ ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. అంతా పద్ధతి ప్రకారమే జరిగిందని తేల్చారు. టెస్టు ముందే తీసేద్దామన్న సంగతి అమ్మాయి బయటపెట్టలేదు. మరొక్కసారి చూద్దామన్నది తానేనని మాస్టారే కాగితం మీద రాసిస్తే, ఇది అవసరం లేదండీ అని తిరిగిచ్చేశారు.

నీళ్ళు తీశాక ఆయన అక్క వాటాలో బురద ఎత్తిపోస్తుంటే పక్కింటావిడ వచ్చి గుమ్మంలో నిలబడింది. వీధి మొదట్లో నీళ్ళు కనబడగానే వాళ్ళంతా పక్క మేడ ఎక్కుతూ అక్కని రమ్మన్నారట. అప్పటికే సంచీ సర్దుకుని, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉందట.

"చెయ్యి పట్టుకుని లాగాం బాబూ. నిజంగా ప్రమాదమైతే మా తమ్ముడు ఈపాటికి చెప్పేవాడు, మీరు పొండి అంది. కాసేపటికి మళ్ళీ తనకోసం వద్దామన్నా దారి లేకపోయింది."

"అప్పుడు టైమెంతయిందమ్మా?" అన్నాడు మాస్టారు.

రెండున్నర అయివుంటుంది అంది ఆవిడ.

మాస్టారు ఆ బురదలోనే కూలబడి, అక్కా అని ఏడ్చాడు.