నా చెయ్యీ, పెద్దాయన తెచ్చిన గుళ్ళూ

మాస్కుల రెండో వేసవిలో, ఇంట్లో కూర్చుని కూర్చుని విసుగెత్తి, ఐర్లండ్‌లో మేముండే మెయ్‌నూత్‌కి అరగంట దూరంలో ఉన్న ఒక షూటింగ్ క్లబ్బులో చేరాను. గాలి పిస్తోలును ఒంటి చేత్తో పట్టుకుని, సీసపు గుండు ఒక్కొక్కటే పెట్టి, పది మీటర్ల అవతలున్న అట్ట మీది నల్ల చుక్కను కొట్టాలి. సాఫ్ట్‌వేర్‌లో ఇతరుల తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఇదెంత, రెండు వారాల పని అనుకున్నాను.

కొత్తవాళ్ళకి నేర్పేది రిటైరైన పోస్ట్‌మ్యాన్ ఒకాయన. మాకు కావలసిన గుళ్ళ డబ్బాలు ఎంచి తెచ్చేదీ ఎన్నో ఏళ్ళుగా ఆయనే. మామూలు రోజుల్లో పక్కనే నిలబడి చెయ్యి చూసి సరిచేసేవారట. రెండు మీటర్ల దూరం నిబంధన వచ్చాక వెనకనుంచి మాస్కులోంచే చెప్పేవారు. సగం నాకు వినపడేది కాదు, వినపడిన సగం నేను పట్టించుకునేవాణ్ణి కాదు.

నేను కాల్చినవన్నీ ఎడమవైపు, కిందకి, చెల్లాచెదురుగా తగిలేవి. తప్పు గుళ్ళదేనని తేల్చేశాను. బంగారం తూచేదానిలాంటి చిన్న కాటా తెప్పించి, వంటింట్లో కూర్చుని డబ్బా మొత్తం ఒక్కో గుండూ తూచి, బరువుల వారీగా గిన్నెల్లో పోశాను.

"అన్నం తినే టేబుల్ మీద సీసమేంటండీ? ముందు తీయండవి," అంది మా ఆవిడ. "అయినా గుళ్ళ మీద పడతారేంటి, మీ చెయ్యెలా ఉందో ఎవరన్నా చూశారా?"

నీకేం తెలుసన్నట్టు ఒక నవ్వు నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తూచి కాల్చినా గురి మారలేదు. అక్కడితో ఊరుకున్నా పరువు దక్కేది. బరువుల తేడాలన్నిటికీ గ్రాఫు గీసి క్లబ్బు వాట్సాప్ గ్రూపులో పెట్టాను. "ఈ గుళ్ళలో నాణ్యత లేదు, వీటితో కొత్తవాళ్ళు ఎప్పటికీ నేర్చుకోలేరు" అని కింద రాశాను. పెద్దాయన పేరెత్తలేదు, ఎత్తక్కర్లేదు కూడా. కాసేపటికే ఒకరు, గుళ్ళు కొనే పని ఇంకెవరికైనా అప్పగిద్దామా అని అడిగారు.

తర్వాతి శనివారానికి దూరం నిబంధన కాస్త సడలింది. ఆయన నా పక్కకొచ్చి నిలబడ్డారు. గ్రాఫు ఊసెత్తలేదు.

"ఇవాళ గుండు నేను పెట్టి ఇస్తాను. నువ్వు కాల్చు చాలు," అన్నారు.

మూడుసార్లు కాల్చాను. నాలుగోసారి, నాకు చెప్పకుండా, గుండు పెట్టకుండా, గాలి నింపకుండా ఇచ్చారు. నొక్కితే టిక్కుమంది, అంతే. కానీ పిస్తోలు ముక్కు మాత్రం ఎడమకి, కిందకి వాలిపోయింది. పేలుతుందన్న బెదురుతో నా చెయ్యి ముందే జంకుతోంది. వెనక కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా చూశారు. చెవులు కాలిపోయాయి నాకు.

"అందరికీ ఉండేదే ఇది," అన్నారాయన మెల్లగా. "ముందు ఇది పోనీ. గుళ్ళు తూచడం ఆ తర్వాత పనికొస్తుంది."

ఏది ఖాళీయో ఏది కాదో తెలియకుండా గంటసేపు నొక్కించారు. చివర్లో ఆయన డబ్బాలోంచే, తూచని గుళ్ళు పది ఇచ్చారు. ఎనిమిది నలుపులో పడ్డాయి.

ఇంటికొచ్చి ఫోన్ తీశాను. "తప్పు నా చేతిది, గుళ్ళు బాగానే ఉన్నాయి. ఆయన్ని అందరి ముందూ అవమానించాను, క్షమించండి" అని గ్రూపులో రాశాను. పంపడానికి వేలు రాలేదు. చెరిపేసి మళ్ళీ రాశాను: "నా కాటా పాడైందని తేలింది. ఆ గ్రాఫు పట్టించుకోకండి."

కాటాకి ఏ రోగమూ లేదు. అందరూ బొటనవేలి బొమ్మలు పెట్టారు. ఆయన "గ్రాండ్" అని, ఇక్కడివాళ్ళు 'సరేలే' అనడానికి వాడే ఒక్క ముక్క రాశారు.

మరుసటి శనివారం ఆయన కారులోంచి ఒక చెక్కపెట్టె తీసుకొచ్చి నా ముందు పెట్టారు. లోపల శుభ్రంగా తుడిచిన పాత కాటా, దాని తూకం రాళ్ళు.

"నీది పాడైందన్నావుగా. ఇది నీ దగ్గరే ఉంచుకో," అన్నారు.

ఎత్తిపొడుపేమోనని ఆయన కళ్ళలోకి చూశాను. కాదు. నిజం చెప్పడానికి ఆ క్షణం చాలు. నేను థాంక్స్ చెప్పి, రెండు చేతులతో ఆ పెట్టె అందుకున్నాను.