మోచేతి ఉడుత

మా అంగన్‌వాడీ మిర్యాలగూడలో రైస్ మిల్లుల వెనక సందులో ఉంటుంది. ముసురు పట్టిందంటే పిల్లలందరి ముక్కులూ ఒక్కసారే కారతాయి. నేను టీచర్ని, నాకు తోడు ఒక ఆయా. ఆమె మనసు వెన్న. చీర కొంగు మాత్రం ఊరుమ్మడి తువ్వాలు. ఎవరి ముక్కు కారినా అదే కొంగుతో, అంతే ప్రేమగా తుడిచేది.

నిరుడు వానలు తగ్గుతున్నప్పుడు మూడేళ్ల పిల్ల ఒకతి నిమ్ము చేసి దవాఖానలో పడి, చిక్కి సగమై వచ్చింది. తల్లి మిల్లులో కూలి.

"టీచరమ్మా, ఇంకోసారి నిమ్ము చేస్తే కష్టమని డాక్టర్ అన్నడు. ఈడ మళ్ల అంటుకుంటే పిల్లను మాన్పిస్త. నేను గూడ ఇంట్లనే కూసోవాలె. మిల్లోళ్లు నా జాగల ఇంకొకామెను పెట్టుకుంటరు."

"అంటుకోనియ్య, పో" అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో అడక్కండి.

ముందు కొంగు సంగతి చూద్దామని ఆయాతో, "అక్కా, ఒకరి చీమిడి ఇంకొకరికి నువ్వే పంచుతున్నవ్" అన్నాను.

"పెండ్లిల వడ్డించినట్టు పంచుతున్ననా? నా పిల్లలను గిట్లనే సాదిన. మంచిగనే ఉన్నరు కదా" అని మూతి ముడుచుకుంది.

ఇగ పిల్లల వైపు నుంచి నరుక్కొచ్చాను. మా త్రిపురారం తాత తుమ్మితే కళ్లంలో పొల్లు ఒకవైపు, గింజలు ఒకవైపు పడేవని చెప్పాను. ఒకనాడు మేళ్లచెరువులో తుమ్మితే సిమెంటు లారీ డ్రైవర్ లేకుండానే కోదాడ చేరిందన్నాను. ఆ దెబ్బతో తాత మోచేతి మడతలో ఒక ఉడుతను పెంచుకున్నాడు. దానికి తుమ్ములంటే ప్రాణం. చెయ్యి మడిచి అందులో తుమ్మితే గుటుక్కున మింగేస్తది. తిన్నాక దాని మూతి కడగాలి కదా, అందుకని వేళ్ల నుంచి మోచెయ్యి దాకా సబ్బు.

తెల్లారి పిల్లలు తలా ఒక ఉడుతతో వచ్చారు. ఒకడు తన ఉడుతకు ఆకలైతుందని ఉత్తుత్తి తుమ్ములు తినిపిస్తున్నాడు. ఆయా కొంగుతో దగ్గరికి పోతే ఇంకొకడు వెనక్కి జరిగాడు.

"ఆయమ్మా, నా ఉడుత నీ కొంగు వద్దంటాంది."

ఆమె నావైపు చూసిన చూపుకు మిర్చిబజ్జీలు వేగుతాయి. రెండురోజులు నావైపు వీపు తిప్పుకునే వంట చేసింది. మూడోనాడు పాత నూలు చీర ఉతికి, ముక్కలు చేసి, తలా ఒకటి పిన్నీసుతో చొక్కాలకు గుచ్చింది. రోజూ ఇంట్లో ఉతికి పంపాలని తల్లులకు హుకుం. తన కొంగు నడుములో దోపేసింది.

చలికాలం నడిమి ఒక నాయనమ్మ, జ్వరంతో దగ్గుతున్న మనవణ్ని తెచ్చింది. "పొలం కాడికి పోవాలె. జర పండబెట్టుకోండ్రి, పడుంటడు."

నేను లేచేలోగా ఆయా గుమ్మానికి అడ్డం నిలబడింది. "పెద్దమ్మా, లోపల నిమ్ముతోని లేచిన పిల్ల ఉన్నది. జ్వరం తగ్గినంక తోల్కరా. ఈడ వీనికిచ్చే కోడిగుడ్డు నేనే ఇంటికి తెస్త."

"నువ్వేమన్న కలెక్టరువా?"

"కాదు. అయినా రానియ్య."

ముసలామె గొణుక్కుంటూ మనవణ్ని తీసుకుపోయింది. మధ్యాహ్నం ఆయా గుడ్డు పట్టుకుని వాళ్లింటికి పోయి, ఇంకో నాలుగు తిట్లు తిని వచ్చింది.

నిమ్ముతో లేచిన ఆ పిల్లకు అసలు జలుబే రాలేదంటే అదీ మా తాత లారీ కోతల్లో చేరుతుంది. వచ్చింది. ముక్కు దగ్గరే ఆగింది, ఛాతీలోకి దిగలేదు. తల్లి మాన్పించే మాట మళ్లీ ఎత్తలేదు. మిల్లులో లోడు ఎక్కువున్న ఒక పొద్దున, "టీచరమ్మా, సాయంత్రం జర ఆలస్యమైతది, ఉంచుకో" అని, నా జవాబు వినకుండానే పనికి పోయింది.