పాట ఆగాల్సిన చోటు

నాకు కొత్త సాఫ్ట్‌వేర్ అంటే ఒళ్లు మంట. చేతికి అలవాటైన మీటలన్నీ ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చేసి, ఇదంతా మీ మేలుకోసమే అని ఒక నవ్వుమొహం బొమ్మ వేసి చూపిస్తారు. అందుకే పటమటలో మా మేడ మీద, నేను పాటలు రికార్డు చేసే గదిలో ఉన్న కంప్యూటర్‌కి చాలా ఏళ్లపాటు ఇంటర్నెట్ గాలి సోకనివ్వలేదు. బయటి పెన్‌డ్రైవ్ పెట్టనిచ్చేవాణ్ని కాదు, ఇంకొకళ్ల చెయ్యి తగలనిచ్చేవాణ్ని కాదు. మా ఆవిడ దానికి మడి కట్టుకున్న కంప్యూటర్ అని పేరు పెట్టింది. ఎవరైనా మెట్లెక్కుతుంటే, జాగ్రత్త, మైలపడుతుంది అని కింద నుంచే హెచ్చరించేది.

ఆ మడి ఒక బల్లి మూలంగా చెడింది. వెనకవైపు సందులోంచి లోపలికి దూరి, కరెంటు తగిలి అది పోతూ పోతూ కంప్యూటర్‌ని కూడా తీసుకుపోయింది. హార్డ్‌డిస్క్ ఒక్కటే బతికి బయటపడింది. గత్యంతరం లేక కొత్త ల్యాప్‌టాప్, కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నాను. మొదట్లో తిడుతూ వాడాను. తరవాత వాడుతూ తిట్టాను. మొత్తానికి పని జరుగుతోంది.

అలాంటి రోజుల్లో, చల్లపల్లి దాటి ఇంకా కిందికి, సముద్రం వైపున్న ఒక పల్లె నుంచి ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు. చేపల పని చేసుకునే ఇళ్లవాళ్లు. కోలాటం ఆడతారు. ముందు నడుస్తున్నావిడ ఆ బృందానికి పెద్ద. చాలా ఏళ్ల కిందట వాళ్ల అమ్మవారి జాతరకని నా దగ్గర ఒక పాట చేయించుకున్నారు. పాట కట్టింది ఆవిడే. గొంతు మాత్రం నేను పిలిపించిన ఒక గాయనిది. మావి చేపలమ్ముకునే గొంతులు, పాటకి పనికిరావని వాళ్లే నవ్వేసి, మేం పాడం అన్నారు.

అప్పటినుంచీ ఏటా జాతరలో అదే పాట. కిందటేడు ఊరేగింపు మధ్యలో పెన్‌డ్రైవ్ మొరాయించింది. చేపల బుట్టల పక్కన ఐసునీళ్లలో తడిసి, ఎండి, మళ్లీ తడిసి అది అన్నాళ్లు ఉండటమే గొప్ప. పాట లేక వీళ్లు పక్కకి తప్పుకుంటే, వెనకున్న కిరాయి బృందం ముందుకొచ్చి అమ్మవారి ఎదుట ఆడింది. ఈసారి జాతర కమిటీ పెద్దలు తెగేసి చెప్పారట: పాట ముందుగా తెచ్చి వినిపిస్తే ముందు చోటు మీది, లేకపోతే ఆ బయటివాళ్లది. ఫోన్లలో ఉన్నవన్నీ జాతరలో తీసిన వీడియోలు. వాటిలో పాటకంటే జనరేటర్ బాగా వినిపిస్తుంది.

"మా అమ్మోరి ముందు మేం కాకుండా ఇంకెవరో ఆడతారా మాస్టారూ? మీ దగ్గరుంటదని వచ్చామండి," అంది ఆవిడ.

ఉంది అనేశాను, చూడకుండానే. నా నోటికి తొందరెక్కువ. వాళ్లు తెచ్చిన ఎండురొయ్యల పొట్లం అప్పటికే మా ఆవిడ చేతికి చేరిపోయింది కాబట్టి, ఇక వెనక్కి తగ్గే వీలు కూడా లేకపోయింది.

వాళ్లు బస్సెక్కాక వెతకడం మొదలుపెట్టాను. పూర్తయిన పాట ఉండాల్సిన సీడీకి బూజు పట్టింది. హార్డ్‌డిస్క్‌లో పాట ముడిసరుకు మాత్రం భద్రంగా ఉంది: గాయని గొంతు, ఏ వాయిద్యం ఎక్కడ ఎలా మోగాలన్న వివరం. మోగాల్సిన వాయిద్యాలే లేవు. డోలు, సన్నాయి, తాళాలు అన్నీ ఒకే ప్లగిన్‌లోవి. ప్లగిన్ అంటే సాఫ్ట్‌వేర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాము. మనుషులు వాయించనక్కర్లేకుండా వాయిద్యాల మోత అదే పుట్టిస్తుంది. కొత్త సాఫ్ట్‌వేర్ ఆ పాటనైతే తెరిచింది కానీ, ప్లగిన్ కనబడటం లేదని ఒక ముక్క రాసి చేతులు దులుపుకుంది. గాయని ఒక్కతే పాడుకుంటూ పోయింది, మేళం రాని పెళ్లిలో పెళ్లికూతురిలా.

ప్లగిన్ ఎక్కడికీ పోలేదు, డిస్క్‌లోనే ఉంది. కానీ అది ముప్పైరెండు బిట్ల కాలం నాటిది, కొత్త సాఫ్ట్‌వేర్ అరవైనాలుగు బిట్లది. అంటే ఏమిటని మా ఆవిడ అడిగింది. ఒకరి భాష ఒకరికి రాదు, మధ్యలో దుబాసీ కావాలి అని చెప్పాను. అలాంటి దుబాసీ ప్రోగ్రాములు దొరుకుతాయి. మొదట తెచ్చిన దుబాసీ ప్లగిన్ మొహం చూపించింది కానీ, దాన్ని ముట్టుకోగానే సాఫ్ట్‌వేర్ మొత్తం మూతపడింది. ఇంకోటి తెచ్చాను. అది నెమ్మదస్తురాలే, ప్లగిన్‌ని కూచోబెట్టింది, మీటలన్నీ చూపించింది, చప్పుడు మాత్రం రాలేదు. నేను తిట్టిన తిట్లు మెట్ల మీదుగా వీధిలోకి వెళ్లాయి. కాస్త గొంతు తగ్గించండి, మనిద్దరికీ పడటం లేదనుకుంటోంది పక్కింటావిడ అని మా ఆవిడ వచ్చి చెప్పింది.

చివరికి సంగతి తేలింది. ప్లగిన్ తన శబ్దాల కోసం ఇంకా పాత కంప్యూటర్‌లోని చోటుకే వెళ్తోంది. ఇల్లు మారిన సంగతి దానికి ఎవరూ చెప్పలేదు. కొత్త ల్యాప్‌టాప్‌లో అచ్చు ఆ పాత చిరునామాతోనే ఒక చోటు చేసి, శబ్దాలన్నీ అందులో పెట్టాను. డోలు మోగింది. మోగి, రిజిస్ట్రేషన్ నంబరు అడిగింది.

ఆ నంబరు నా దగ్గర ఎప్పుడూ లేదు. అప్పట్లో కొందామంటే విదేశంలో ఉన్న ఆ కంపెనీ మా బ్యాంకు కార్డు ఒప్పుకోలేదు. అందుకని ట్రయల్‌తోనే పాట చేశాను. ట్రయల్ అన్నాక ఊరికే ఉండదు కదా, నిమిషానికోసారి మేళం మొత్తం ఠక్కున ఆగిపోయి, ఒక్క గుక్క తిప్పుకుని మళ్లీ మోగేది. నేను చరణాల కొలత అటూ ఇటూ సర్ది, ఆ ఆగడం సరిగ్గా చరణం అయిపోయాక పడేటట్టు చేశాను. మధ్యమధ్యలో ఆగుతుందమ్మా అని వాళ్లకి అప్పుడే చెప్పాను. పరవాలేదండి అని పట్టుకెళ్లారు.

ఇప్పుడు ఆ కంపెనీ లేదు. దాన్ని నడిపినాయన దుకాణం కట్టేస్తూ, వాడుకునేవాళ్లు వాడుకోండి అని నంబరు తన పేజీలో అందరికీ ఉచితంగా పెట్టేసి వెళ్లాడు. ఎవరో ఏమో, చల్లగా ఉండాలి. నంబరు కొట్టాను. పాట మొదలైంది. సన్నాయి ఎత్తుకుంది, డోలు అందుకుంది, మొదటి చరణం, రెండో చరణం, మూడో చరణం, ఎక్కడా ఆగలేదు. అన్నేళ్లుగా కాల్లో ఉండిపోయిన ముల్లు ఊడొచ్చినంత హాయి. కుర్చీలోంచి లేచి ఈల వేశాను. మా ఆవిడ గరిటె పట్టుకునే పైకొచ్చి, పాట అయ్యేదాకా గుమ్మంలో నిలబడి తలూపింది.

పాట ఫోన్లో పంపించి, మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ కూచున్నాను. మర్నాడు ఆవిడ ఫోన్ చేసింది. పాట బాగుందంది. చాలా బాగుందంది. తరవాత కాసేపు నసిగి, "కానీ ఆగట్లేదండీ," అంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆగకుండా చెయ్యడానికే కదా ఇంత తంటాలు పడింది. ఆ ముక్కే కొంచెం గట్టిగా చెప్పాను. ఆవిడ ఏమీ నొచ్చుకోలేదు, ఒక్కసారి వచ్చి చూడమంది. నేను వెళ్లనంటే వెళ్లను అని బిగుసుకుంటే, మా ఆవిడ అప్పటికే చేపలకి స్టీలు డబ్బాలు సర్దేసింది. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని బయల్దేరాం. కరకట్ట దిగి, కాలవ పక్కన పచ్చటి చేలమధ్య పోతుంటే నా కోపం చల్లపల్లి దాకా కూడా నిలవలేదు.

చేపలు ఎండబెట్టే సిమెంటు కళ్లం ఊడ్చి సిద్ధంగా ఉంచారు. ఒక మూల స్పీకరు పెట్టారు. అందరూ కోలలు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డారు. పాట మొదలైంది, చక్కగా ఆడారు. మొదటి చరణం అయింది. అలవాటు కొద్దీ సగంమంది కోలలు పైకెత్తి, "హైలెస్సా" అని అరిచి వెనక్కి తిరిగారు. పాట ఆగకుండా ముందుకి పోతోంది కాబట్టి మిగతా సగంమంది దానితోపాటు ముందుకే పోయారు. ఎదురూ బొదురూ వచ్చి ఒకరిమీద ఒకరు పడ్డారు. ఒకావిడ కోల ఎగిరివెళ్లి వలల మీద పడింది. ఇక పాటను పట్టించుకున్నవాళ్లు లేరు, ఎక్కడివాళ్లక్కడ కూలబడి నవ్వడమే.

ఆ తరవాత ఆవిడ విడమరిచి చెప్పింది. చరణం అయ్యాక మేళం ఆగుతుంది. ఆగగానే అందరూ కోలలెత్తి, వల లాగేటప్పుడు వేసే కేక వేస్తారు. వేసి, వలయం మొత్తం ఒక్కసారిగా ఎదురు దిక్కుకి తిరుగుతుంది. తిరిగేసరికి మేళం అందుకుంటుంది. పడవెక్కి ఆ కేక వేసేది ఎప్పుడూ మగవాళ్లే. ఆడవాళ్లు వేసేది జాతరనాడు, మేళం ఆగిన ఆ కాస్త చోట మాత్రమే. అది చూడటానికే పక్క ఊళ్ల నుంచి జనం వస్తారట.

నేను ఇంకా తగ్గలేదు. అది తప్పండీ అక్కగారూ, కొనలేదని ఆ ప్లగిన్ నోరు మూసుకునేది, అంతే, దాన్ని నేను బాగుచేశాను అన్నాను.

"అయ్యన్నీ నాకు తెలవదండి," అంది ఆవిడ. "పాటంతా ఆ పాడినమ్మదీ మీ మేళానిదీను. అది ఆగితేనే కదండీ మా గొంతు అమ్మోరికి ఇనపడేది."

ఇన్నేళ్ల పనిలో నా పాటల గురించి చాలామంది చాలా అన్నారు. ఇంత మంచి మాట ఎవరూ అనలేదు. నిజానికి ఆవిడ మెచ్చుకున్నది నా పాటని కాదు, దాన్ని తెంపేసిన మౌనాన్ని. అయినా నాకు పట్టరానంత సంతోషం వేసింది. అక్కడే కళ్లం గట్టు మీద కూచుని ల్యాప్‌టాప్ తెరిచాను.

పాతది ఎంతసేపు ఆగేదో అంతే కొలిచి పెట్టాను. ఆడి చూశారు. చాల్లేదన్నారు. కొత్త కోడళ్లు చేరి వలయం పెద్దదయింది, తిరగడానికి ఎక్కువసేపు పడుతోంది, ఏటా ఎలాగో ఉరుకులు పెట్టి అందుకుంటున్నారట. ట్రయల్‌ని బతిమాలితే వినేది కాదు. ఇప్పుడు పగ్గం నా చేతిలో ఉంది. పెంచాను. ఆడారు. ఇంకాస్త అన్నారు. ఇంకాస్త పెంచాను. మోకాళ్ల నొప్పులని మేడెక్కడానికే మూలిగే మా ఆవిడ, ఎప్పుడు వెళ్లిందో, కోలలు పట్టుకుని వాళ్లమధ్య ఉంది. అందరికంటే ముందే తిరిగేసి తిట్లు తింటోంది, నవ్వుతోంది. సాయంత్రం కమిటీ పెద్దలు వచ్చి పాట విన్నారు. ముందు చోటు మీదేనమ్మా అని చెప్పి వెళ్లారు.

జాతరనాడు పెన్‌డ్రైవ్‌ల మీద నమ్మకం లేక, పాట నేనే ల్యాప్‌టాప్‌లోంచి వేస్తానన్నాను. ఎండ తగ్గాక ఊరేగింపు బయల్దేరింది. స్పీకర్లు కట్టిన ట్రాక్టరు మీద సౌండు సిస్టం అతని పక్కన నేను. ఎదురుగా వీళ్ల కోలాటం, వాళ్ల వెనక అమ్మవారు. మొదటి చరణం అయి మేళం ఆగగానే సౌండతను కంగారుపడి వైర్లమీదికి దూకబోయాడు. చొక్కా పట్టుకుని ఆపాను. కోలలు ఒక్కసారి లేచాయి, కేక లేచింది, వలయం తిరిగింది, డోలు సరిగ్గా వచ్చి కలిసింది. అతను నోరు తెరుచుకుని నావైపు చూశాడు.

ఆఖరి చరణం తరవాత ఆడవాళ్ల కేకకి ఒడ్డున పడవల దగ్గరున్న మగవాళ్లు బదులు కేక వేశారు. వీళ్లు ఊరుకోకుండా మళ్లీ వేశారు. దారికి అటూ ఇటూ ఉన్న జనం అందుకున్నారు. నేను కొలిచి పెట్టిన విరామం అయిపోవచ్చింది, ఇంకో క్షణంలో డోలు పడుతుంది. గబుక్కున మీట నొక్కి పాటని అక్కడే ఆపేశాను. వెనకనుంచి అమ్మవారిని మోస్తున్నవాళ్లు కూడా కేక వేశారు. ఆ గొంతులు విన్నకొద్దీ వినాలనిపించింది. పాట వెయ్యండి సార్ అని సౌండతను నా భుజం తడుతూనే ఉన్నాడు. ఆవిడ ఇక చాలని కోల ఎత్తేదాకా నేను మేళం మోగనివ్వలేదు.